మార్జిన్‌కి తెలుగు పేరు

నకరికల్లు దగ్గర మిరపచేను గట్టు మీద ఒక అమ్మాయి ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కన వాళ్ల పెదనాన్న.

“పెదనాన్నా, ఉత్తరాలు టైపు చేసుకునే సాఫ్ట్‌వేర్‌కి తెలుగు పేర్లు పెడుతున్నాం. లైన్ స్పేసింగ్‌కి ‘పంక్త్యంతరం’ అని రాశా. అర్థమయిందా?”

“లేదు. ఏందది?”

“లైనుకీ లైనుకీ మధ్య వదిలే ఖాళీ.”

“సాళ్ల ఎడం అను. మిరప నాటే వాళ్లందరికీ తెలుసు.”

“ఇది బాగుంది. మార్జిన్‌కేమో ‘ఉపాంతం’ అన్నా.”

“ఏదీ, చూపించు. చుట్టూరా ఇంత తెల్లగా బీడు వదిలారేంది?”

“కాగితం అంచుదాకా రాయకూడదు, పెదనాన్నా.”

“అట్టయితే అది గట్టు. గట్టనే పెట్టు.”

“పెట్టా. దీన్ని మౌస్‌తో పట్టుకుని అటూ ఇటూ లాగొచ్చు కూడా. పక్కనే ‘గట్టు జరుపు’ అని ఒక బటన్ పెడతా.”

“అది మాత్రం పెట్టమాక.”

“ఏం?”

“గట్టు జరపటం అంత తేలికేందే? సర్వేయర్ రావొద్దా? పక్క చేనోడు ఊరుకుంటాడా? నువ్వు కూర్చున్న ఈ గట్టు మీ నాన్న జరిపిందే. అప్పట్నించే మా ఇద్దరికీ మాటల్లేవు.”

“కంప్యూటర్లో ఆ గొడవ లేదులే. తప్పు జరిపితే అన్‌డూ అని ఒకటుంది. నొక్కితే గట్టు మళ్లీ పాతచోటికే వెళ్తుంది.”

“ఎవరూ ఏమీ అనకుండానే?”

“ఎవరూ ఏమీ అనరు. దానికి తెలుగులో ఏం పేరు పెడదాం?”

“పేరు తర్వాత చూద్దాం. ముందు మీ నాన్న చేత నొక్కించు.”