ఎలిశబెతత్త చేపలొద్దన్న పండగ

ఏంది పాపా, పొద్దుననంగా మొదలుపెట్టినారు, పండక్కి ఏం చెయ్యాల, ఏం చెయ్యాల అని. ఒకామె బిర్యానీ అంటుంది, ఒకామె నాటుకోడి అంటుంది, మీ నాయనేమో చేపల పులుసు లేకుండా అదేం క్రిస్మస్ అంటాడు. చెయ్యండి, ఏదో ఒకటి చెయ్యండి, నాకు పళ్లా పాడా, మెత్తగా ఉంటే చాలు. నన్నడుగుతుండావా? నేనేం చెప్తాను. ఈ పాలెంలో పండగ కూర ఏందో తేల్చే మనిషి వేరే ఉండింది. ఎలిశబెతత్త. మా నాయన చెల్లెలు, నాకు మేనత్త. ఆమె పోయి యాభై ఏళ్లు దాటింది, మీ నాయన అప్పటికి చంకలో బిడ్డ. నీకెట్ట తెలుస్తాదిలే. కూర్చో. ఆ చేతిలోది పక్కన పెట్టి కూర్చుంటే చెప్తా.

అప్పుడు ఇప్పటిమాదిరి ఎవరింట్లో వాళ్లు వండుకోని తలుపులేసుకోని తినేది లేదు. పాలెమంతటికీ ఒకటే విందు, గుడి ముందర. గుడంటే ఈ సిమెంటు గుడి కాదు, తాటాకు గుడి. గంటగ్గూడా గతిలేక గూడూరు స్టేషన్ కాడినుంచి ఎవరో తెచ్చిన రైలుపట్టా ముక్క వేలాడగట్టుండినారు, దాన్నే కొట్టేది. మోత మాత్రం సముద్రం దాకా పోయేది. ఎవరి శక్తి కొద్దీ వాళ్లు బియ్యం, చింతపండు, మిరపకాయలు తెచ్చి పోస్తే మా అత్త ముందర నిలబడి వండించేది. గుండిగలు తోటపల్లి గూడూరులో ఇమామ్ సాహెబ్ ఇచ్చేవాడు, పెళ్లిళ్లకు వండే మనిషి. బాడుగ మాటెత్తితే, "దేవుడి పండక్కి బాడుగేందమ్మా, బాగా తోమి పంపించు చాలు" అనేవాడు. అట్టాంటి మనిషి ఆయన. యాడికో పోతుండా. మా అత్త గదా చెప్తుండేది. ఎత్తు మనిషి, నలుపు, చెవులకూ ముక్కుకూ ఏమీ ఉండేవి కావు. మొగుడు గూడూరు పక్కన అభ్రకం గనుల్లోకి పనికి పోయి దగ్గుతో తిరిగొచ్చినాడు, ఆ దగ్గుతోనే పోయినాడు. కడుపులో బిడ్డ. ఆ బిడ్డా పుట్టి పట్టుమని పది రోజులు బతకలా. మళ్లా పెళ్లి చేస్తామంటే ఒప్పుకోలా. నాట్లకు పోయేది, కోతలకు పోయేది, ఎవురితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు. ఏడాది పొడుగునా ఆమె ఉండేదీ లేనిదీ తెలిసేది కాదు, పండగనాడు మాత్రం ఆమె మాటే మాట.

పండగ కూరంటే చేపల పులుసే. పొట్టేలును కొనే తాహతు ఈ పాలెంలో ఎవరికుండేది? సముద్రం ఒడ్డున పట్టపుపాలెంలో కామాక్షయ్యని ఒకాయన ఉండేవాడు, చేపల వేటకు పోయే మనిషి, ప్రతి క్రిస్మస్‌కీ గంపెడు వంజరం తెచ్చి మా అత్త ముందర దించేవాడు. చలికాలంలో పచ్చిమామిడి యాడుంటాది, ఎండాకాలంలో ఎండబెట్టి దాచిన ఒరుగులేసి మా అత్త పులుసు పెడితే, మరుసటి రోజుకు ఇంకా బాగుండేది. ఉంటే గదా మరుసటి రోజుకు. ఆ పట్టపోళ్లు హిందువులు, మనం కిరస్తానీలం, అందులోనూ ఊరికి అవతల పాలెమోళ్లం. వాళ్లు మన చేతి నీళ్లు గూడా తాగేవాళ్లు కారు. మరి ఈ కామాక్షయ్య మనకెందుకు చేపలిస్తుండాడని ఎవురూ అడగలా. ఇచ్చేవాణ్ణి అడిగి చెడగొట్టుకునేదెందుకని ఊరుకున్నారు.

దానికో కారణముంది. అప్పటికి మాకెవరికీ తెలవదు, నీకు ముందే చెప్తుండా. మా అత్త బిడ్డ పోయిన రోజుల్లోనే కామాక్షయ్య పెళ్లాం కామమ్మకు మగబిడ్డ పుట్టినాడు. పుట్టంగానే ఆమెకు విషజ్వరం తగిలి పాలు ఇంకిపోయినాయి. మేకపాలు పోస్తే బిడ్డకు పడలా. మా అత్త ఎండుచేపలకని వడ్లు మూటగట్టుకోని వాళ్ల గుడిసె కాడికి పోయింది. లోపల బిడ్డ ఏడుపు. ఏడుపంటే గొంతెత్తి ఏడ్చేది కాదు, పిల్లికూన మాదిరి సన్నంగా. బిడ్డ పోయిన తల్లి గదా పాపా, ఆ ఏడుపు వినంగానే ఆమె రవికె తడిసిపోయింది. కామమ్మ చూసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారంట. కామమ్మ బిడ్డనెత్తుకోని సరుగుడు తోపులోకి నడిచింది, ఈమె వెనకాలే పోయింది. ఆ నాటినుంచి పిల్లోడు గంజి తాగే దాకా, రోజూ పొద్దున ఆ తోపులోనే. కామమ్మకు అత్తయిన పోలేరమ్మకు తెలుసంట, తెలిసీ తెలవనట్టే ఉండిపోయింది. పైకొస్తే కులంలో నిలబడనిస్తారా? ఆ పిల్లోడికి చిన్నపోలయ్యని పేరు పెట్టినారు. మొగుడికి మాత్రం కామమ్మ ఒక్క మాటే చెప్పింది, "ఆ పాలెంలో ఎలిశబెతు వల్ల మన బిడ్డ బతికినాడు, ఎట్టని అడగబాక" అని. ఆయన అడగలా. పండగ పండక్కీ చేపలు తెచ్చేవాడు. పిల్లోడు పెద్దయినాక గంప వాడే మోసుకొచ్చేవాడు. నల్లగా, ఏపుగా, నవ్వితే చిగుళ్లు కనపడేవి. "ఎలిశబెతమ్మా, చేప తలకాయలు నాకు దాచబాక, నేను తినను గదా మీ ఇంట్లో" అని ఎకసెక్కం చేసేవాడు. ఆమె నవ్వేది. వాడు పోయిందాకా వాడి వీపుకల్లే చూస్తా నిలబడేది. మేం చూసినాం గానీ మాకేం అర్థమయ్యేది?

అరవై ఒకటో, రెండో. నాకు పెళ్లై ఏడాది. ఆ కార్తీకంలో వాయుగుండం పట్టుకునింది. తెప్పల మీద పోయినోళ్లలో మిగతావాళ్లంతా దుంగలు పట్టుకోని ఎట్టనో ఒడ్డున పడినారు, చిన్నపోలయ్య రాలా. వెతికినారు. అటు దుగరాజపట్నం దాకా పోయి వెతికినారు. శవం గూడా దొరకలా. కామమ్మ ఇసకలో కూర్చోని లేవలేదు. ఆడోళ్లంతా ఆమె చుట్టూ చేరి ఏడుస్తుండారు, వాళ్ల కులపోళ్లు, చుట్టాలు. మా అత్తా పోయింది. పోయి, ఆ గుంపులో కలవకుండా దూరంగా తాటిచెట్ల కాడ నిలబడుకునింది. ఏ వరసని పోయి ఏడుస్తాది? ఏమైతాది ఆమె వాళ్లకు? నిలబడి నిలబడి ఇంటికొచ్చి, పొయ్యి ముందర కూర్చునింది. మా నాయన, "ఏంది మే, అట్టుండావు" అంటే, "పొగ, అన్నా" అనింది. పొయ్యి వెలిగించనే లేదు.

ఇంక పండగ దగ్గరికొచ్చింది. ఆదివారం ఆరాధనైనాక గుడి ముందర కూర్చోని విందు మాట తీసినారు. సంఘపెద్ద గంగులయ్య, గొంతు పెద్దది, మనసు చెడ్డది కాదు, "మాటలెందుకు, ఎప్పుడూ ఉండేదే, చేపల పులుసు. వాన తర్వాత వలలు తెగేట్టు పడతుండాయంట" అన్నాడు. మా అత్త ఆడోళ్లలోనుంచి లేచి, "ఈ ఏడు చేపలొద్దు" అనింది. అందరం తిరిగి చూసినాం. "చేపలొద్దంటే? కోళ్లన్నీ కొక్కెర రోగం తగిలి చచ్చె. పొట్టేలుకు దారి లేదు. ఇంకేం పెడతావు?" అన్నాడు. "గుమ్మడికాయలుండాయి మా పాదుకు. బెల్లమేసి పులుసు పెడతా, పప్పు చేస్తా" అనింది. నవ్వినారు పాపా. ఆడోళ్లే ముందు నవ్వినారు. ఏడాదికొక్కనాడు, బిడ్డలు ఆ ముక్క కోసం ఎదురుచూస్తుంటారు. "రక్షకుడు పుట్టిన దినాన గుమ్మడికాయా? మనకేమన్నా దినమా?" అన్నాడు గంగులయ్య. ఎందుకని పాస్టరు అయ్యగారు మెల్లగా అడిగితే, "వండేది నేనైతే అదే వండతానయ్యా. కాదంటే గరిటె ఇంకొకరికియ్యండి" అనింది. ఒక్క మాట చెప్పుంటే అయిపోయేది. పట్టపోడి బిడ్డ నా పాలు తాగినాడని. చెప్పలా. ఆ మాట ఈ పాలెంలో అంటే సాయంత్రానికి ఆ పాలెంలో ఉంటాది. బిడ్డను పోగొట్టుకున్న మనిషిని కులం ముందర నిలబెట్టేదెందుకని, నవ్వించుకోని, తిట్టించుకోని నోరు మూసుకునింది.

అంతటితో పోయిందా? పండగ ముందురోజు మధ్యాన్నం కామాక్షయ్య వచ్చినాడు. గంప ఆయనే మోసుకోని. మనిషి సగమైపోయినాడు. వేటకు పోకుంటే కుదరదు గదా, సముద్రం మీద అలిగితే కడుపెట్ట నిండుతాది. గంప దించి తువ్వాలుతో మొహం తుడుచుకోని, "ఎలిశబెతమ్మా, ఎప్పుడూ ఇచ్చేదే. వాడు లేడని మానేస్తే బాగుండదు" అన్నాడు. వంజరాలు, తళతళమంటా, ఇంత పొడుగున. అందరం చూస్తుండాం. మా అత్త ఆ గంప ముందర కూలబడింది. చెయ్యి చాపింది గానీ తాకలేకపోయింది. సముద్రం మనిషిని తీసుకున్నాక ఆ ఇంటోళ్లు కొన్నాళ్లు చేప నోట్లో పెట్టరు పాపా. ఎందుకో నన్ను చెప్పించబాక. "వద్దన్నా. నావల్ల కాదు. ఈ నీళ్లలోది నేను కొయ్యలేను" అనింది. ఆయన అట్టే చూసినాడు. "మా ఇంట్లో గూడా చేప పొయ్యి మీదికి రాలా. మీ ఇంట్లో ఎందుకమ్మా?" అన్నాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకునింది. ఆ మనిషికి అప్పుడర్థమైందనుకుంటా. అన్నేళ్ల నాడు అడగబాకనిన మాటకు జవాబు. గంప మళ్లా తలకెత్తుకున్నాడు. గంగులయ్య పరిగెత్తుకొచ్చి, "ఆమెకు మతిపోయిందిలే, నువ్వు దించయ్యా, మేం వండుకుంటాం" అంటే, "ఆమె వద్దనినాక నేనియ్యను. మీరు గూడా బలవంతం చెయ్యబాకండి" అని ఎనక్కి చూడకుండా పోయినాడు.

పండగొచ్చింది. ఆరాధనయింది, పిల్లోళ్లు కొత్త చొక్కాలతో ఎగురుతుండారు, విస్తళ్లేసినారు. అన్నం, పప్పు, గుమ్మడికాయ పులుసు. అందరి మొహాలూ ముడుచుకోనుండాయి. గంగులయ్య విస్తరి ముందర కూర్చోని చెయ్యి పెట్టలా. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి కళ్లు తెరిచేసరికి, గుడి దారెంబడి ఒకామె వస్తుండాది. తలంతా రేగి, చీరకంతా ఇసక. కామమ్మ. పట్టపు ఆడమనిషి మన పాలెంలోకి అడుగుపెట్టింది నేను చూడలా అంతవరకూ. వెనకాల, చింతచెట్టు కాడ, కామాక్షయ్య నిలబడి ఉండాడు. ఆమె ఎవరినీ చూడలా, నేరుగా మా అత్త కాడికొచ్చి, "ఎలిశబెతా, ఏం వండినావు?" అనింది. "గుమ్మడికాయ కామక్కా." "చేప పెట్టలేదంటనే." "లేదక్కా." కామమ్మ కింద కూర్చునింది. "నాకూ పెట్టు. వాడు పోయినకాడినుంచి ముద్ద గొంతు దిగడంలా. నువ్వు పెడితే దిగతాదేమో చూస్తా" అనింది.

మా అత్త భయపడింది. "వద్దక్కా, మీవాళ్లకు తెలిస్తే" అని గొణిగింది. అప్పుడు కామమ్మ మా అందరికల్లా తిరిగింది. గొంతేం పెంచలా. "నా బిడ్డ ఈమె పాలు తాగి బతికినాడు. నా కాడ చుక్క లేకపోతే ఈమె ఇచ్చింది. నేను ఇసకలో పడి ఏడ్చినాను, నా చుట్టూ నా వాళ్లుండారు. ఈమె ఒక్కతే యాడ ఏడ్చిందో నాకు తెలవదు" అనింది. మా అత్త ఒక విస్తరి వేసి అన్నం పెట్టి పులుసు పోసింది. కామమ్మ ఆమె చెయ్యి పట్టుకోని లాగి పక్కన కూర్చోబెట్టుకునింది. ఒకే విస్తట్లో, అటు ఒకామె, ఇటు ఒకామె. ముద్ద కలుపుతుండారు, తింటుండారు, కళ్లెంబడి కారేది కారుతుండాది. గంగులయ్య లేచి, వాళ్ల ముందర చెంబుతో నీళ్లు పెట్టి, తన విస్తరి కాడికి పోయి కూర్చోని తిన్నాడు. అందరం తిన్నాం. గుమ్మడికాయ బాగుందో లేదో నాకు గుర్తులేదు.

వాళ్ల కులపెద్దలు ఊరుకుంటారా, కామాక్షయ్యను పిలిపించినారు. "నీ పెళ్లాం ఆ పాలెంలో తినిందంటనే." "తినింది. నా బిడ్డకు కడుపు నింపిన చెయ్యి అన్నం పెడితే తినింది. నేను పంపిస్తేనే పోయింది" అన్నాడంట. కొన్నాళ్లు వాళ్లింటికి ఎవురూ పోలా, పెళ్లికీ చావుకూ పిలవలా. తర్వాత వాళ్లే మెత్తబడినారు. మా అత్త మాత్రం మళ్లా సముద్రపు చేప తినలా. మరుసటేడు పండక్కి చేపలే వండినాం. ఆమే వండింది, ఒరుగులేసి. "లోకాన్నంతా ఎన్నాళ్లు మాన్పిస్తాం" అనింది. వడ్డించి, ఆమె చారు పోసుకోని తినింది.

అరవై తొమ్మిదిలో పోయింది. జ్వరమే, నాలుగు రోజులు. కామమ్మ వచ్చింది సమాధి కాడికి, కామాక్షయ్యా వచ్చినాడు. అప్పటికి పాస్టరు కొత్తాయన, నెల్లూరునుంచి వచ్చినాడు, ఆయనకేం తెలుసు. పుస్తకం పట్టుకోని, సహోదరి ఎలిశబెతు భక్తిగా బతికింది, ఆమెకు బిడ్డలు లేరు, సంఘమే ఆమె కుటుంబం అని చదువుతుండాడు. వెనకాలినుంచి కామమ్మ, "ఒకడుండినాడయ్యా" అనింది. ఆయన ఆగినాడు. "ఒకడుండినాడు. చిన్నపోలయ్య. ఆ పేరు గూడా చెప్పండి" అనింది. ఆయన మా మొహాలు చూసినాడు. గంగులయ్య తలూపినాడు. అప్పుడు ఆ పేరు గూడా చెప్పి, ప్రార్థన ముగించినాడు.

...

ఎండ ఇటు తిరిగింది. మంచం ఆ పక్కకు జరుపు పాపా.