పాత కస్టమరు సంతకం

మదనపల్లెలో ఇళ్ల అప్పులిచ్చే ఆఫీసు అది. టమాటా మండీ నుంచి నేరుగా వచ్చిన పెద్దాయన, చొక్కాకంటిన మట్టి కుర్చీకి తగలకుండా మేనేజరు ఎదుట అంచున కూర్చున్నాడు.

"మా పక్కింటోనికి ఎనిమిది శాతానికే ఇచ్చినారంట. నాకు పదమూడు యాల సార్?"

"ఆయన కొత్త కస్టమరు. ఆ రేటు కొత్తవాళ్లకే."

"తొమ్మిదేండ్లుగా కడతాండాను. ఒక్క కంతన్నా తప్పినానా?"

"తప్పలేదు. ఇకముందూ తప్పరు. మరి మీకెందుకు తగ్గించాలి?"

"అట్లయితే నేనూ ఇంకో బ్యాంకుకు పోతాను. నా ఇంటి పత్రాలియ్యండి."

"బాకీ మొత్తం ఒకేసారి కట్టి తీసుకుపోండి. ముందే తీరుస్తున్నందుకు జరిమానా అదనం."

పెద్దాయన లేవబోయాడు.

"అన్నట్టు, బయట కూర్చున్న కొత్త జంటకు లోన్ ఇస్తున్నాం. మీ మండీ కుర్రాడే. మీ పేరే చెప్పాడు. జామీను సంతకం పెట్టండి."

అద్దం తలుపు అవతల ఆ కుర్రాడూ, అతని పెళ్లామూ లేచి దండం పెట్టారు. ఎదుటపడి జామీను అడిగినవాణ్ణి కాదంటే మండీలో మొహం చెల్లదు.

"వాళ్లకెంత సార్ వడ్డీ?"

"ఎనిమిది. మీలాంటి నమ్మకస్తుడి జామీను ఉంది కాబట్టి ఏడున్నరకే ఇస్తాం."

పెద్దాయన పెన్ను అందుకున్నాడు.

"యాడ పెట్టాల సార్?"

"ఇక్కడ. ఇంకా కింద. అంతే. పెద్దాయనా, కాస్త లేస్తారా? వాళ్లు కూర్చోవాలి."