శ్రేయోభిలాషి ప్రశ్న

ఒక దినపత్రిక ఆఫీసులో వెబ్‌సైటు పని చూసే గది. బల్లకు అవతల వెబ్‌సైటు ఇన్‌చార్జి. ఇవతల, ఈతకొలనులో ఎవరూ మునగకుండా కాపలా ఉండే అమ్మాయి తండ్రి. బస్సు డ్రైవరు, డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. పక్క బల్ల దగ్గర, ఒకప్పుడు పాఠకుల ఉత్తరాల పేజీ చూసిన సబ్‌ఎడిటరు, ఒకావిడ.

"వార్తతో నాకు పేచీ లేదు బాబూ. మునిగిపోతున్న పిల్లాణ్ణి మా అమ్మాయి ఎలా బయటికి లాగిందో ఉన్నదున్నట్టు రాశారు. నేను వచ్చింది దాని కింద రాసినవాటి గురించి."

"అవి మేం రాసినవి కావు పెద్దాయనా. పాఠకుల అభిప్రాయాలు. చివర్లో ఒక లైను ఉంటుంది చూడండి, వీటితో పత్రికకు సంబంధం లేదు అని."

"చూశాను. కళ్ళజోడు పెట్టుకుంటే గానీ కనబడలేదు."

"చిన్నగా ఉన్నా చెల్లుతుంది."

"అభిప్రాయమంటే ఇదా? 'ఆ అమ్మాయి దిగాక కొలనులో నీళ్ళు మార్చారా?' ఎవరో శ్రేయోభిలాషట. దీన్నేమంటారు?"

"ప్రశ్న అంటారు. తిట్టెక్కడుంది అందులో? మీరే చెప్పండి."

"దాని కిందది చదవనా? 'నీళ్ళు మారిస్తే ఆ నలుపు పోతుందా' అని. ఆ కిందది, 'వీళ్ళ జాతికి ఈత రాకేం, దొంగతనంగా సముద్రం దాటి వచ్చినవాళ్ళేగా' అని. ఈ ఊరికి వచ్చింది మా తాత బాబూ. ఓడ టిక్కెట్టు కొనుక్కునే వచ్చాడు."

"ఇవన్నీ నాకెందుకు చెబుతారు?"

"మరెవరికి చెప్పను?"

"నేనవి చదవను పెద్దాయనా. చదవకూడదు. మా లాయరుగారి మాట. చదివితే తెలిసినట్టు లెక్క, తెలిస్తే బాధ్యత మాది. చదవకపోతే ఏ గొడవా లేదు."

"ఇప్పుడు నేను చదివి వినిపించాను కదా."

"వినడం వేరు."

"తమ్ముడూ, మొన్న మన ఓనరుగారి అల్లుడి మీద ఎవరో ఏదో రాస్తే, నీ చేతిలో టీ చల్లారేలోపు తీసేశావు. అది కూడా చదవకుండానే తీశావా?"

"అక్కా, నీ పని నువ్వు చూసుకో. అది వ్యక్తిగత దూషణ. దాని సంగతి వేరు."

"సరే, నాది వ్యక్తిగతం కాదనుకోండి బాబూ. ఆ ప్రశ్నని అన్నిటికంటే పైన పెట్టి, పక్కన నక్షత్రం ఎందుకు తగిలించారు?"

"మేం తగిలించలేదు. ఎక్కువమంది మెచ్చుకున్నదానికి యంత్రమే తగిలిస్తుంది."

"ఆ పిల్లాడి తల్లి కూడా రాసింది, 'నా బిడ్డని నాకు తెచ్చిచ్చింది, ఆమె చల్లగా ఉండాలి' అని. అది అట్టడుగున ఉంది. వెతుక్కుంటూ వెతుక్కుంటూ పోతే దొరికింది."

"దాన్ని ఎవరూ మెచ్చుకోలేదు మరి. మేమేం చేస్తాం? అసలు తిట్లుంటే యంత్రమే ఆపేస్తుంది పెద్దాయనా. మీరేం దిగులు పడకండి."

"తెలుసు. నన్ను ఆపింది."

"మిమ్మల్నా?"

"నేనూ రాశాను. 'సిగ్గు లేదా మీకు, ఆ పిల్ల ఒక ప్రాణం నిలబెట్టింది' అని. మీ భాష మర్యాదగా లేదని వెనక్కి కొట్టింది."

"సిగ్గు లేదా అంటే తిట్టే కదండీ. దాని పని అది చేసింది."

"అన్నగారూ, నేను ఉత్తరాల పేజీ చూసినన్నాళ్ళూ పేరూ చిరునామా లేనిది వేసేదాన్ని కాదు. అనుమానమొస్తే ఫోను చేసి, ఇది మీరు రాసిందేనా అండీ అని అడిగేదాన్ని. సగంమంది అక్కడే నీళ్ళు నమిలేవాళ్ళు."

"అందుకే నీ పేజీ మూతపడింది అక్కా. పెద్దాయనా, దాపరికం లేకుండా చెబుతాను. మీ అమ్మాయి వార్త పొద్దున పెడితే మధ్యాహ్నం దాకా చూసిన నాథుడు లేడు. కింద ఖాళీగా ఉంటే ఎవరూ నోరు విప్పరు. ఎవరో ఒకరు బోణీ చెయ్యాలి. ఆ ఒక్క ముక్క పడేసరికి జనం విరగబడ్డారు. సాయంత్రానికి మా సైటులో అదే మొదటి వార్త. మీ అమ్మాయి ఊరంతటికీ తెలిసిపోయింది."

"తెలిసింది బాబూ. నిన్న కొలను మేనేజరు నీళ్ళన్నీ తోడించి మళ్ళీ నింపించాడు. మామూలుగా కడిగించేదే అన్నాడు. మా అమ్మాయిని తీసుకెళ్ళి టిక్కెట్ల కిటికీ వెనక కూర్చోబెట్టాడు. జనం అడుగుతున్నారమ్మా, ఆ రాతలు పోయేదాకా నీళ్ళ దగ్గరికి రావద్దు అన్నాడట. ఈ వారంలో పోకపోతే కొలను పక్కన దాని కుర్చీలోకి ఇంకొకర్ని తీసుకుంటాడు."

"అయ్యో."

"అయ్యో అన్నారు, సంతోషం. తీసేస్తారా?"

"దానికో పద్ధతుంది. మీరు ఫిర్యాదు చేస్తే రాసినవాడికి నోటీసు వెళ్తుంది. వాడు సరైన జవాబివ్వకపోతే అప్పుడు తీసేస్తాం. మేం మధ్యలో ఉత్తరాలు అందించేవాళ్ళలాంటి వాళ్ళం, అంతే."

"అయితే ఆ శ్రేయోభిలాషికి పంపండి."

"ఆయనకి వద్దులెండి. కింద ఉన్నారు కదా, నలుపనీ జాతనీ రాసినవాళ్ళు. వాళ్ళకి పంపిద్దాం. అవి గట్టి కేసులు."

"వాళ్ళు తోకలు బాబూ. తల ఇతను."

"ప్రశ్న అడిగినందుకు నోటీసేమిటండీ? బాగుండదు."

"నేను కొట్లాటకి రాలేదు. నోటీసు కూడా వద్దు, అతన్నొకసారి కొలను దగ్గరికి రమ్మనండి. మా అమ్మాయి ఎదురుగా నిలబడి ఆ ప్రశ్న అడగమనండి. అడగగలిగితే నేనిక మీ గడప తొక్కను."

"రాసినవాళ్ళ వివరాలు మేం బయటపెట్టం. గోప్యత మాకు ప్రాణంతో సమానం."

"నోటీసుకి వివరాలెందుకు తమ్ముడూ? పేరు పక్కన నొక్కితే, ఖాతా తెరిచినప్పుడు ఏ నంబరు ఇచ్చారో ఆ ఫోనుకి దానంతటదే పోతుంది. నేను పంపిస్తా."

"అక్కా, ఆగు."

"ఎందుకూ?"

"సాయంత్రం నేనే పంపిస్తాలే. ఇప్పుడు సిస్టం నెమ్మదిగా ఉంది."

"నెమ్మదేం లేదే. ఇదిగో, తెరుచుకుంది."

"అక్కా, నా మాట విను. పెద్దాయనా, టీ తాగుతారా? అక్కా, ముందు కాస్త టీ చెప్పు, తర్వాత..."

"కారణం రాయాలి అన్నగారూ. ఏమని రాయను?"

"మా అమ్మాయి పని పోయేట్టుంది అని రాయండమ్మా. ఇంకేం వద్దు."

"రాశాను. నొక్కాను. వెళ్ళిపోయింది."

"అక్కా..."

"బాబూ, మీ ఫోను మోగింది."

"ఏదో మెసేజిలెండి. తర్వాత చూసుకుంటాను."

"బల్ల మీదే పెట్టారుగా, నాకు కనబడుతోంది. 'శ్రేయోభిలాషి గారికి, మీరు రాసినదానిపై ఫిర్యాదు వచ్చింది' అని ఉంది బాబూ."