మిరప ఘాటు

"నువ్వెవలు బిడ్డా?" బడేబీ మళ్లీ అడిగింది.

"నీ బిడ్డను అమ్మీ, ఆసిమాను."

"దవాఖానల డాక్టర్ ఏమన్నడు?"

"కన్ను చూసింది, చెవి విన్నది మెదడుకు చుట్టు తిరిగి పోతదట. వాసన మాత్రం సీదా యాది ఉన్నకాడికే పోతదట."

"ఏమో, నాకేం యాదికస్తలేదు."

ఆసిమా సందూక పెట్టెలోంచి అబ్బా తువ్వాల తీసి దులిపింది. వరంగల్ మిర్చి యార్డులో ముప్పై ఏళ్లు బస్తాలు మోసిన తండ్రిది. ఆయన పోయి ఆరేళ్లయినా దాన్ని ఉతకబుద్ధి కాలేదు.

బడేబీ గట్టిగా తుమ్మింది.

"ఆసిమా! అబ్బా ఒచ్చిండే. దగ్గరికి పోకు, కండ్లు మండుతయ్. ముందుగాల తానానికి నీళ్లు తోడు."

అబ్బా లేడని పొద్దటినుంచి మూడుసార్లు చెప్పిన ఆసిమా, ఈసారి బకెట్ అందుకుంది.

"తోడుతాన అమ్మీ."