చెంప మీది కన్నీటి చుక్క

చర్చి గోడ మీంచి దించిన, బాల యేసును ఎత్తుకున్న మరియమ్మ పటం బల్ల మీద ఉంది. పాత పటాలు బాగుచేసే చెల్లెలు దాని ముందు కూర్చుంది. అదే చర్చిలో ఫాదరైన అన్న తలుపు గడియ వేసి వచ్చాడు.

"ఆ కన్నీటి చుక్క తుడిచేశావా? మొత్తం తుడిచేశావా?"

"తుడవలేదు అన్నయ్యా, అదే ఊడొచ్చింది. పుల్లకు దూది చుట్టి, ఉమ్మితో తడిపి అలా తాకించానంతే. మా పనిలో మొదటి పరీక్ష అదే."

"మరియమ్మ చెంప మీద ఉమ్మా?"

"పాత మురికికి దాన్ని మించిన మందు లేదు. నూనె రంగైతే చెక్కుచెదరదు. ఆ చుక్క బళ్ళో పిల్లలు వాడే నీళ్ళ రంగు. ఎవరో తర్వాత పెట్టారు."

"ఎవరైతేనేం. మళ్ళీ పెట్టు."

"పెట్టను."

"రేపు పొద్దున జనం వస్తారు. ఈ చర్చికి ఫాదర్‌గా వచ్చిన పదేళ్ళుగా నేను చెబుతున్నదేమిటి? బిడ్డ చేతిలో పిట్ట, పిట్ట మెడ మీద ఎర్ర మచ్చ, అది రాబోయే శిలువ నెత్తురు, అది చూసి తల్లి ఏడుస్తోందని. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని..."

"మచ్చ నిజమే. ఆమె చూసిందీ నిజమే. ఏడవడం మాత్రం లేదు. ఇలా దగ్గరికి రా. బిడ్డ రెండో చెయ్యి ఎక్కడుంది?"

"తల్లి చెంప మీద. ముద్దు చేస్తున్నాడు."

"తడి ఉందేమోనని తడుముతున్నాడు. ఆ పెదవులు చూడు, ఎలా బిగబట్టిందో. బిడ్డ తన మొహంలోకే చూస్తుంటే ఏ తల్లి ఏడుస్తుంది? పిల్లాడు బెదిరిపోడూ?"

"నీకు తోచిందల్లా చెప్పకు. తల్లన్నాక ఏడవాలి."

"ఎందుకా పట్టుదల?"

"ఏడవాలి. అంతే."

"అన్నయ్యా, ఈ చుక్క ఎవరు పెట్టారో నీకు తెలుసు."

"ఊరుకో."

"తెలుసా, లేదా?"

"నేనే. పన్నెండేళ్ళప్పుడు. ఫాదర్ చదువుకని నన్ను సెమినరీకి పంపిన రోజు, బస్సు కోసం ఈ గుమ్మంలోనే నిలబడ్డాం. తక్కిన అమ్మలందరూ భోరుమంటున్నారు. మనమ్మ నా చొక్కా గుండీ సర్ది, బుద్ధిగా ఉండు అంది. ఒక్క చుక్క రాలేదు. నేను లోపలికొచ్చి సంచిలోంచి రంగుల పెట్టె తీశాను. ఎందుకు ఏడవలేదమ్మా అని ఆమె పోయేదాకా అడగలేకపోయాను."

"బస్సు మలుపు తిరిగేదాకా అమ్మ నవ్వుతూ చెయ్యూపింది. తిరగ్గానే రోడ్డు మీదే కూలబడింది. అన్నయ్యకు చెబితే చదువు మానేసి వచ్చేస్తాడే అని, తన నెత్తిన నా చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది."