సరోజమ్మగారు బయటికి వెళ్ళిన ఇరవై నిమిషాలు

వెయ్యిన్ని తొమ్మిది వందల ఎనభై తొమ్మిది ఆగస్టు పద్నాలుగవ తేదీ సోమవారం ఉదయం, ఆనేకల్ నేతపనివారి కుటుంబానికి చెందిన ఇరవై రెండేళ్ళ శ్రీమతి సరోజమ్మగారు మా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా బాధ్యతలు స్వీకరించారు. ఆ మధ్యాహ్నమే, బురద బూట్లతో వార్డులోకి వస్తున్న ఒక పెద్దమనిషిని గుమ్మంలో నిలిపి, కడుక్కొని రమ్మని వెనక్కి పంపారు. ఆయన మెడికల్ సూపరింటెండెంటు అని తర్వాత తెలిసింది. తెలిశాక కూడా సరోజమ్మగారు విచారం వ్యక్తం చేసిన దాఖలాలు లేవు.

శస్త్రచికిత్స విభాగంలోనూ, ఐసీయూలోనూ ఇరవై ఏళ్ళు సేవలందించి, రెండు వేల తొమ్మిదిలో వారు మా కీమోథెరపీ డేకేర్ వార్డుకు ఇన్‌చార్జిగా విచ్చేశారు. పొద్దున వచ్చి మందు ఎక్కించుకొని సాయంత్రం ఇల్లు చేరేవారి వార్డు ఇది. ఫార్మసిస్టుగా మందులు కలిపేది నేను. తిట్లు మాత్రం వార్డులో అందరికీ సమానంగా పంచేవారు వారు.

పెద్దపేగు క్యాన్సరు ముదిరి కాలేయానికి పాకినవారిలో కొందరికి, కీమోతోపాటు రక్తనాళాలను అడ్డుకునే మందు ఇస్తాం. గడ్డ పెరగాలంటే రక్తం కావాలి గనుక అది తనకోసం కొత్త రక్తనాళాలు మొలిపించుకుంటుంది. ఈ మందు వాటిని మొలవనివ్వదు. జబ్బును సమూలంగా పోగొట్టదు గాని, మనిషికి మరికొంత కాలం ఇస్తుంది. చిక్కేమంటే, ఇదే మందు రక్తపోటును పెంచుతుంది. అందువల్ల బీపీ చూడనిదే చుక్క ఎక్కించం. ఆ బీపీ పట్టీని సరోజమ్మగారు తప్ప మరొకరు ముట్టడం మా వార్డులో నిషిద్ధం.

గతేడాది హొసకోటె నుంచి లింగన్న అనే మేస్త్రి, భార్య హనుమక్కతో వచ్చాడు. అతనికి అర్థమయ్యేలా సరోజమ్మగారు మందు సంగతి వివరించారు: గడ్డ దొంగ నీళ్ళ కనెక్షన్ లాక్కుంటుందని, ఈ మందు ఆ పైపులు వేయనివ్వదని. లింగన్న బుద్ధిగా తల ఊపాడు. ఇంటికి వెళ్ళి, గడ్డను ఇంకా తొందరగా ఎండగట్టాలని రెండు రోజులు నీళ్ళు తాగడం మానేశాడు! నాలుక పిడచకట్టుకుపోయిన అతన్ని హనుమక్క ఆటోలో మోసుకొచ్చింది. ఆ రోజు సరోజమ్మగారు చేసిన ప్రసంగం పక్క భవనంలోని ఎక్స్‌రే గదికి కూడా వినిపించింది.

అది మొదలు లింగన్న బీపీ నూట డెబ్బై దిగలేదు. మాత్రలు పెంచినా దిగలేదు. రెండుసార్లు మందు ఎక్కించకుండానే తిప్పి పంపాం. మూడోసారీ ఇంతే అయితే ఈ మందు ఆపేయక తప్పదన్నారు డాక్టరు రమేశ్‌గారు. అతనికి మిగిలిన ఆధారాలలో పెద్దది అదే. హనుమక్క నా కిటికీ దగ్గరికి వచ్చి, హొసకోటె క్లినిక్‌లో చూపించిన చీటీలు పరిచింది. అన్నింటా నూట ముప్పై లోపే.

"ఆడ బాగుండాది, ఈడ యాల ఎక్కుతాదన్నా?" అంది.

జవాబు వార్డులో అందరికీ తెలుసు. చెప్పే ధైర్యమే ఎవరికీ లేదు. ఆ చీటీలు చూశాక నాకు నామీదే సిగ్గేసింది. వెళ్ళి సరోజమ్మగారికే చెప్పేశాను.

"అక్కా, లింగన్నకు బీపీ ఎక్కించేది మందు కాదు. మీరు."

వారు పట్టీ తీసి నా చేతికే చుట్టారు. ఎప్పుడూ నూట ఇరవై ఉండే నాకు నూట యాభై ఆరు వచ్చింది. పట్టీ విప్పేశారు.

"ఇన్నేండ్లు నేను బీపీ చూస్తా ఉండానా, పెంచతా ఉండానా మునిరాజూ? ఎంతమందిని ఉత్తపుణ్యానికి తిప్పి పంపినానో," అన్నారు.

అంత చిన్న గొంతు వారికి ఉందని నాకు ఆనాడే తెలిసింది.

మూడోసారి లింగన్న వచ్చిన రోజున, పట్టీని కొత్త నర్సు చైత్ర చేతిలో పెట్టి, తాము క్యాంటీన్‌కు వెళ్ళిపోయారు. నూట ముప్పై నాలుగు. మందు ఎక్కింది. ఆనాటినుంచి రోజూ బీపీ చూసే ఇరవై నిమిషాలు వారు వార్డులో ఉండరు. ముప్పై ఆరేళ్ళ సుదీర్ఘ సేవలో వారి ఘనకార్యాలనేకం ఉన్నా, ఆ గైర్హాజరీకి సాటివచ్చేది నాకు కనిపించదు. మొన్నటి స్కానింగులో లింగన్న గడ్డలు పెరగలేదు.

గత గురువారం వారి చివరి డ్యూటీ. లింగన్న చొక్కా చెయ్యి మడిచి, ఈసారి సిస్టరమ్మే చూడాలని పట్టుబట్టాడు. చైత్ర వద్దంది, నేనూ వద్దన్నాను. అతను వినలేదు. వారు అతనికి పట్టీ చుట్టారు. నూట ఇరవై ఎనిమిది. మేము ఊపిరి పీల్చుకునేలోగా చైత్ర అదే పట్టీని వారి చేతికి చుట్టింది: నూట అరవై ఎనిమిది. పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టినా దిగలేదు. అప్పుడు లింగన్న లేచాడు.

"సిస్టరమ్మా, మేమందరం ఇరవై నిమిషాలు బయటికి పోతాం. వచ్చినాక చైత్రను మళ్ళా చూడనీ."

నిజంగానే అందరం పోయాం. తిరిగి వచ్చేసరికి వారు కళ్ళు తుడుచుకుంటున్నారు. చైత్ర మళ్ళీ పట్టీ చుట్టింది: నూట ముప్పై రెండు.

మేము ఎదుట ఉన్నా లేకున్నా ఆ అంకె అంతకు మించకుండా, సరోజమ్మగారు ఆయురారోగ్యాలతో చిరకాలం వర్ధిల్లాలని, తమ ఇంట కూడా బీపీ చూసే బాధ్యతను మరొకరికే వదిలిపెట్టాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను.

— మునిరాజు, ఫార్మసిస్టు