కడప మోసుకొచ్చిన దినం

"అవ్వా, జెర కూసుందామంటే దర్వాజ కడప మీదికెల్లి లేపినవ్. ఎందుకే?" అని అడిగిన.

ఎందుకేంది కొడుకా! గది కూసునే పీటనా? ఇటు రా, మంచం మీద కూసో. చాయ తాగుకుంట ఇను.

నా పెండ్లయిన రెండో ఏడు... కాదు కాదు, మీ నాయిన కడుపుల ఉండె, మూడో ఏడు. రజాకార్ల లొల్లి సల్లబడ్డంక. మా పాతూరు వాగు ఒడ్డుకు ఉండె. గా వాగుకు కట్ట కడ్తున్నరు, ఊరు మునుగుతది, లేవుండ్రి అన్నరు. కోసెడు దూరంల గీ జాగ సూపిచ్చిండ్రు. అప్పుడు గీడ ఏముండె? తుమ్మ చెట్లు, రాళ్లు, గంతే. ఇల్లు పోయినోళ్లకే జాగ. గది ఇల్లే అని సర్కారు కాయిదంల ఎక్కాలె, లేకుంటే లేదు.

మా అత్త ఉండె గద, శాన పట్టింపుల మనిషి. "ఆషాఢం వస్తున్నది, ఆషాఢంల కడప కదపొద్దు, జల్దీ తీయుండ్రి" అన్నది. మా వాడల తొమ్మిది ఇండ్లు. అందరు మంచి దినం సూసి దర్వాజలు ఊడదీసి బండ్లకేసి కొత్త జాగల దించి వచ్చిండ్రు. పక్కింటి ఖాసింబీ గుడ పంపింది. "మీ ఆషాఢం నాకేంది అక్కా, మీ అందరివి పోంగ నాదొక్కటి గీడ ఏం జేస్తది" అని. దర్వాజలన్ని అసలు టేకు, కొడుకా! గప్పుడు ఆరణాలకు చెయ్యి నిండ గాజులొచ్చేటియి, టేకు దర్వాజకు మాత్రం ఎద్దునమ్మాలె.

నాలుగొద్దులకు ఇండ్లు రాసుకునే గిర్దావర్ సారు పాతూరికి వచ్చిండు. అటిటు సూసి, "దర్వాజ లేదు, కడప లేదు. గివి ఇండ్లా? పశుల కొట్టాలు! కొట్టాలకు జాగ రాదు" అన్నడు. మొగోళ్లేమో కట్ట పనికి పోయిండ్రు. మా అత్త మొఖం నల్లగైంది. అందరి కడపలు తీపిచ్చింది గామెనే గద.

జెర సేపుకు లేసింది. "సారూ, బువ్వ తిన్నవా?"

"పటేలింట్ల తింట. పొద్దుగూకక ముందే పోత."

"గంతదాంక ఆగు. ఇండ్లు సూపిస్త."

ఇగ కొత్త జాగకు ఉరికినం! దర్వాజ మొత్తం మాతోని గాదు, కడపలు చాలన్నది అత్త. ఒక్కో కడపకు ఇద్దరు ఆడోళ్లు. కడుపుతోని ఉన్నవని నన్ను రావద్దన్నరు, ఇన్ననా? ఖాసింబీ బిడ్డను నేను సంకనేసుకున్న, మా కడప ఒక కొస మా అత్త, ఇంకో కొస ఖాసింబీ నెత్తినేసుకున్నరు. తొవ్వ పొంటి ఖాసింబీ మా అత్తను ఒకటే తిట్టింది. "అక్కా, నీ ఆషాఢం నా మెడ మీద కూసున్నదే!" నవ్వలేక సచ్చినం.

పాతూరికి వచ్చి, ఊడదీసిన గుంతలల్ల ఎవరి కడప వాళ్లం పెట్టినం. సారు నమ్మలే. "ఏడివో కట్టెలు తెచ్చి ఇల్లంటున్నరు."

మా అత్త కొంగు నడుముకు సుట్టింది. "గట్లనా? అయితే మా కడప ఖాసింబీ ఇంట్ల పెట్టి సూడు."

సారు బంట్రోతుతోని పెట్టిపిచ్చిండు. జానెడు పొట్టిగైంది, అతకలే. ఖాసింబీది మా ఇంట్ల పెట్టిండు, గోడకు తాకి లేసి నిలవడ్డది. ఎవరిది వాళ్ల గుంతల పెట్టంగనే, ఆవుదూడ తల్లి కడుపు కింద దూరినట్టు కూసున్నది! తొమ్మిదికి తొమ్మిది!

సారు కాయిదం తీసిండు, కలం తీసిండు. మా ఇంట్లకు అడుగు పెట్టవోతుంటే మా అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"జోడు ఇడువు సారూ. ఇప్పుడు ఇల్లైంది గద!"

ఇడిసిండు కొడుకా! గంత పెద్ద సారు, వంగి, బూట్ల నాడాలు ఇప్పి, మా కడప దాటి లోపలికొచ్చి రాసుకున్నడు. ఆడోళ్లమంత ఒకటే కేకలు. మా అత్త ఏడ్చుకుంట నవ్వింది.

అగో, గదే కడప. నడుమ గుంత పడ్డది సూడు, అన్ని పాదాలు నడిసినయి. ఆషాఢం ఇంక రాకముందే అందరం గీడికొచ్చినం, తొమ్మిది ఇండ్లు, పక్కపక్కనే.

కడప మీద కూసున్నందుకు సిగ్గుపడకు కొడుకా, ముందటికి రా. సల్లగుండు బిడ్డా. నీ ఇంటికి దర్వాజ ఎత్తేనాడు నన్ను పిలువు, కడపకు పసుపు నేనే రాస్త... ఉంటనో, ఉండనో... ఏ, ఉంట తియ్యి! అయ్యో, చాయ సల్లారిపాయె, తాగు.